మ్యూచువలా, కాంటెస్టా? విడాకుల కేసు వేసేముందు

మా చెల్లెలి కేసు నాలుగేళ్ళు నడిచింది. ఫ్యామిలీ కోర్టు వరండాలో ఏ ఫ్యాను తిరుగుతుందో, ఏది ఊరికే వేలాడుతుందో నాకు ఇప్పటికీ గుర్తే. మొదటిరోజు లాయరు మేడమ్ కాగితాలన్నీ చూసి ఒకటే అడిగారు: "అమ్మా, నీకు విడాకులు కావాలా, అతనిదే తప్పని జడ్జిగారి చేత అనిపించాలా?" చెల్లి "రెండూ కావాలి మేడమ్" అంది. "మొదటిది ఎప్పటికైనా వస్తుంది. రెండోది వస్తుందని నేను మాటివ్వలేను" అన్నారావిడ. ఆ మాట మాకు ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది.

నేను లాయర్ని కాను. ఇక్కడ రాసేదంతా హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగే కేసుల గురించి. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నవాళ్ళకు దారి దాదాపు ఇలాగే ఉంటుంది. క్రైస్తవులకు 1869 చట్టం, ముస్లింలకు వేరే పద్ధతులు ఉన్నాయి. వాటి జోలికి నేను పోవడం లేదు.

ముందు స్టాంపు పేపరు సంగతి

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, వంద రూపాయల స్టాంపు పేపరు మీద "నేటినుంచి మాకు ఏ సంబంధమూ లేదు" అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తారు. నోటరీ ముద్ర కూడా పడుతుంది. చాలామంది దాన్నే విడాకులనుకుంటారు. కులాచారంగా విడాకుల పద్ధతి ఉన్న చోట చట్టం దాన్ని కొట్టేయలేదు. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో సాక్ష్యంతో నిరూపించాల్సింది మనమే. అది కుదరకపోతే ఆ కాగితానికి విలువ లేదు. దాన్ని నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, పైగా క్రిమినల్ కేసు. కాబట్టి దీన్ని ఒక దారిగా లెక్కేయొద్దు. పంచాయతీలో కుదిరిన లెక్క న్యాయంగా ఉంటే అదే లెక్కతో కోర్టులో మ్యూచువల్ వేసుకోండి. పెద్దమనుషులు పడ్డ శ్రమ వృథా పోదు.

మ్యూచువల్: ఇద్దరూ ఒప్పుకుంటే

సెక్షన్ 13బి. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండాలి, ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేయాలి. వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా రెండోసారి వచ్చి, "మా మాట మీదే ఉన్నాం" అని చెప్పాలి. ఈ ఆరు నెలల గడువు తప్పనిసరేమీ కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ విడిపోయి చాలాకాలమై, భరణం, పిల్లలు, సామాన్ల లెక్కలన్నీ తేలిపోయి, రాజీకి చేసిన ప్రయత్నాలు ఫలించకపోతే కోర్టు ఆ గడువు తీసేయవచ్చు. అడగాలి, కారణం చూపించాలి, అంతే.

ఇందులో ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి లాయరు బోనులో నిలబెట్టి ప్రశ్నలేయడం, ఉండదు. ఫ్యామిలీ కోర్టు ఇద్దరి సమ్మతితో ఇచ్చిన డిక్రీ (తుది ఉత్తర్వు) మీద అప్పీలు కూడా లేదు.

ప్రమాదం ఒకటుంది. మొదటిసారి సంతకం పెట్టిన మనిషి రెండోసారి వచ్చేలోపు మనసు మార్చుకోవచ్చు. డిక్రీ రాకముందు సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అందుకే డబ్బు మొత్తం ముందే ఇచ్చేయడం గానీ, పెట్టిన కేసులన్నీ ముందే వెనక్కి తీసుకోవడం గానీ చేయరు. సగం మొదటి మోషన్ (మొదటిసారి కోర్టుకు వచ్చి చెప్పే) రోజు, సగం రెండో మోషన్ రోజు కోర్టులోనే డీడీ రూపంలో ఇవ్వడం మామూలుగా జరిగే ఏర్పాటు. ఒప్పందంలో తారీఖులు, కేసు నంబర్లు, బంగారం తూకంతో సహా రాయించండి. "సామాన్లు తిరిగి ఇవ్వబడును" అనే ఒక్క ముక్క దగ్గర ఆగిపోయిన మ్యూచువల్ కేసును నేను కళ్ళారా చూశాను. గొడవంతా ఒక వెండి కంచం గురించి. ఆ కంచం ఎవరి తరఫువాళ్ళు పెట్టిందో ఇప్పటికీ తేలలేదనుకుంటా.

ఇంకోటి, పిల్లల భరణం. "నాకూ వద్దు, పిల్లాడికీ వద్దు, వదిలేస్తే చాలు" అని తల్లులు ఆవేశంలో రాసిచ్చేస్తారు. తల్లి తన భరణం వదులుకోవచ్చు గానీ పిల్లాడి హక్కును వదులుకోలేదు. కాబట్టి అది ఒప్పందంలో విడిగా రాయించడమే మంచిది.

కాంటెస్ట్: ఒకరు వేస్తే ఇంకొకరు కాదంటే

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. జనం తెలియక దెబ్బతినేది ఇక్కడే.

మొట్టమొదట, పెళ్ళయి ఏడాది నిండకుండా విడాకుల పిటిషన్ వేయడానికి లేదు. అసాధారణమైన కష్టం గానీ, అవతలి మనిషి మరీ దారుణమైన ప్రవర్తన గానీ ఉందని చూపిస్తేనే మినహాయింపు. రెండోది, "మాకు పడట్లేదు, కలిసి బతకలేం" అనేది చట్టంలో కారణం కాదు. క్రూరత్వం, కనీసం రెండేళ్ళుగా వదిలేసి ఉండటం, వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్ళుగా మనిషి ఆచూకీ లేకపోవడం లాంటివాటిలో ఒకటి చూపించి రుజువు చేయాలి. బాగుచేయలేనంతగా చెడిన పెళ్ళిని ఆ కారణంతోనే రద్దు చేసే అధికారం తనకుందని 2023 మే 1న సుప్రీంకోర్టు ప్రకటించింది. కానీ ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుది మాత్రమే. మన ఊరి ఫ్యామిలీ కోర్టుకు అది లేదు. యూట్యూబ్‌లో ఆ తీర్పు చూసి కేసు వేసేవాళ్ళు ఈ తేడా గమనించరు.

కేసు నడిచే వరస ఇలా ఉంటుంది. పిటిషన్‌కు ఓపీ (ఒరిజినల్ పిటిషన్) నంబరు పడుతుంది. అవతలివాళ్ళకు నోటీసు వెళ్తుంది. ఒక్కోసారి ఈ నోటీసు అందడానికే నాలుగైదు వాయిదాలు గడుస్తాయి. ఇల్లు తాళం, అడ్రసులో లేరు, తీసుకోలేదు అని తిరిగొస్తూ ఉంటుంది. అందాక వాళ్ళ కౌంటర్ (రాతపూర్వక జవాబు), తర్వాత కౌన్సెలింగ్ లేదా మీడియేషన్. రాజీ ప్రయత్నం చేయించడం ఫ్యామిలీ కోర్టు చట్టపరమైన బాధ్యత. కాబట్టి "మమ్మల్ని మళ్ళీ కలవమంటారేంటి" అని కోపం తెచ్చుకోకండి, అక్కడ అందరినీ అడుగుతారు. అది కుదరకపోతే సాక్ష్యాలు. ఓపీ వేసినవాళ్ళు పీడబ్ల్యూ-1 (పిటిషనర్ తరఫు మొదటి సాక్షి), అవతలివాళ్ళు ఆర్‌డబ్ల్యూ-1. చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే మన సాక్ష్యం), క్రాస్, వాదనలు, తీర్పు. నోటీసు అందిన ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మాకు ఆరు నెలలకు కౌంటర్ వచ్చింది.

మరి కోర్టుకు వెళ్ళిన రోజు ఏం జరుగుతుంది? చాలా రోజులు ఏమీ జరగదు. పదిన్నరకల్లా చేరాలి. అటెండర్ గుమ్మంలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మన లాయరు వేరే కోర్టులో ఉంటే "పాస్ ఓవర్" (కాసేపాగి పిలవమని) అడుగుతారు, మళ్ళీ మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. చివరికి ఒక తారీఖు చెబుతారు. సెలవు పెట్టుకుని బస్సెక్కి వచ్చినది ఆ తారీఖు రాసుకోవడానికన్నమాట. ఇది తెలిసి వెళ్తే అంత నీరసం రాదు.

క్రాస్ రోజు మాత్రం అలా ఉండదు. చెల్లిని అవతలి లాయరు గంటన్నర నిలబెట్టారు. ఒక ఫోటో చూపించారు. "ఇది శ్రీశైలంలో తీయించుకున్నదే కదమ్మా?" "అవునండి." "నవ్వుతున్నారు కదా?" "నవ్వాను." "అంటే అప్పటికి మీ ఇద్దరి మధ్య గొడవలేమీ లేవు?" "ఉన్నాయండి." "డబ్బు కోసమే ఈ కేసు వేశారంటే?" "నిజం కాదు." "మీ అమ్మగారి ప్రోద్బలంతోనే వచ్చేశారంటే?" "నిజం కాదు." ఇలా "నిజం కాదు" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. బయటికొచ్చి, "అన్నయ్యా, ఆ ఫోటో రోజు పొద్దున్నే నన్ను కొట్టాడు. ఆ ముక్క పిటిషన్‌లో రాయలేదు మనం" అంది. సాయంత్రం వరకూ ఇంకేం మాట్లాడలేదు.

దీనినుంచి రెండు విషయాలు తెలిశాయి. రాయాల్సినవి తారీఖు, చోటు, చూసినవాళ్ళతో సహా పిటిషన్‌లో మొదటే రాయాలి. పిటిషన్‌లో లేని సంగతి క్రాస్‌లో చెబితే "ఇప్పుడు కల్పించారు" అంటారు. రెండోది, రుజువు చేయలేనివి, కోపంతో కలిపినవి అసలు రాయకూడదు. అవతలి మనిషి నడవడిక మీద, వాళ్ళింటి ఆడవాళ్ళ మీద ఆధారం లేని నిందలు రాస్తే అవే ఎదురు తిరుగుతాయి. అబద్ధపు ఫిర్యాదులు, పరువు తీసే రాతలు కూడా మానసిక క్రూరత్వమేనని 2013లో సుప్రీంకోర్టు హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే చెప్పింది. లాయర్ల దగ్గర రెడీమేడ్ డ్రాఫ్టులుంటాయి. మీ పేర్లు మార్చి అందులో దించేస్తారేమో, సంతకం పెట్టేముందు ప్రతి పేరా చదవండి. మా మొదటి లాయరు డ్రాఫ్టులో చెల్లి అత్తగారి పేరు బదులు ఇంకెవరి అత్తగారి పేరో ఉంది!

ఆధారాల మాటకొస్తే, వాట్సాప్ చాట్లు, ఆడియోలు ఫోన్‌లోంచి చూపిస్తే సరిపోదు. ఎలక్ట్రానిక్ ఆధారానికి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ మాటల్ని వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. పాత ఫోను అమ్మేయకండి.

కేసు ఎక్కడ వేయాలన్నది కూడా పెద్ద తలనొప్పే. పెళ్ళి జరిగిన చోట, చివరిసారి కలిసున్న చోట, అవతలివాళ్ళు ఉంటున్న చోట వేయొచ్చు. భార్య వేస్తే తానిప్పుడు ఉంటున్న చోట కూడా వేయొచ్చు. దాంతో భర్త హైదరాబాద్‌లో విడాకుల కేసు, భార్య గుంటూరులో భరణం కేసు వేయడం మామూలైపోయింది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు. కేసు హైదరాబాద్ నుంచి గుంటూరుకు మార్పించాలంటే ఇప్పుడు ఢిల్లీలో సుప్రీంకోర్టుకు వెళ్ళి ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. బస్సులో ఐదారు గంటల దూరానికి ఢిల్లీ దాకా వెళ్ళాల్సి వస్తుంది.

నోటీసు అందుకున్నవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. "నేను వెళ్ళకపోతే విడాకులెలా ఇస్తారు?" అని ఇంట్లో కూర్చుంటారు. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అవతలివాళ్ళ మాటే విని డిక్రీ ఇచ్చేస్తారు. దాన్ని రద్దు చేయించుకోవడం ఇంకో కేసంత పని.

డబ్బు

మన చట్టంలో భర్త ఆస్తిలో సగం భార్యకు రావడమనేది లేదు. "జీతంలో 25 శాతం వస్తుందట" అనే మాట కూడా నిబంధన కాదు. ఒక కేసులో సుప్రీంకోర్టు అది సబబైన మొత్తమంది, అంతే. సంపాదన, అప్పులు, పోషించాల్సినవాళ్ళు, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, భార్య ఉద్యోగం మానేసిందా లాంటివన్నీ చూసి కోర్టు తేలుస్తుంది. స్త్రీధనం మాత్రం పూర్తిగా ఆమెదే.

కాంటెస్ట్ కేసుకు ఎంత కాలం పట్టినా, తేలేదాకా చేతిలో డబ్బు లేకుండా ఉండక్కర్లేదు. మధ్యంతర భరణానికి సెక్షన్ 24 కింద ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయొచ్చు. ఆదాయం లేని భర్త కూడా అడగొచ్చని ఈ సెక్షన్ అంటుంది. ఇది కాక పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 (పాత 125) కింద, గృహహింస చట్టం కింద కూడా భరణం అడగొచ్చు. 2020 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ రూపంలో దాచకుండా ఇవ్వాలి. భరణం అడిగిన తేదీ నుంచే లెక్కేయాలని కూడా ఆ తీర్పే చెప్పింది. అంటే "తర్వాత వేద్దాంలే" అని ఆగిన ప్రతి నెలా నష్టమే. ఇంకో మెలిక: 144 కింద బకాయి పడిన మొత్తాన్ని వారంటుతో వసూలు చేయించుకోవాలంటే, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. రెండేళ్ళు మెత్తగా ఊరుకుని ఆనక అడిగితే మొదటి ఏడాది డబ్బు ఆ దారిలో రాదు.

లాయరు ఫీజు కేసు మొత్తానికా, వాయిదాకా, ఐఏలకు విడిగానా అన్నది మొదటిరోజే అడిగేయండి. మొహమాటం వద్దు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు.

పిల్లలు

ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే. ఆపైన కోర్టు చూసేది పిల్లాడి మేలు, ఎవరి పంతమూ కాదు. కేసు నడిచినంతకాలం రెండో మనిషికి కలిసే రోజులు పెడతారు. కొన్నిసార్లు కోర్టు ఆవరణలోనే ఆ కలయిక. ఆరేళ్ళ మా మేనల్లుడు ప్రతిసారీ అడిగేవాడు: "మామయ్యా, నాన్న వాళ్ళింట్లో ఎందుకు లేడు, ఇక్కడెందుకుంటాడు?" వాళ్ళ నాన్న ఆ బిల్డింగులోనే ఉంటాడనుకున్నాడు వాడు.

విడాకులు కాకుండా

సెక్షన్ 10 కింద జ్యుడీషియల్ సెపరేషన్ అడగొచ్చు. పెళ్ళి అలాగే ఉంటుంది, కలిసుండే బాధ్యత పోతుంది. దానికి చూపించాల్సిన కారణాలు విడాకులకు చూపించేవే కాబట్టి శ్రమ ఏమీ తగ్గదు. డిక్రీ వచ్చాక ఏడాది పాటు కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు. మళ్ళీ పెళ్ళి ఆలోచన లేనివాళ్ళకు, ఇంకా అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళకు ఇది పనికొస్తుంది.

కాపురానికి రమ్మని వేసే సెక్షన్ 9 కేసును నేనైతే ఎత్తుగడగానే చూస్తాను. 1983లో నటి సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే వేరే కేసులో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. నిజంగా కాపురం నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళు కోర్టు నోటీసుతో పిలుస్తారా, మీరే చెప్పండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడి కోర్టులో ఒంటరిగా డిక్రీ తెచ్చుకుంటే ఇక్కడ చెల్లకపోవచ్చు. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఆ కోర్టుకు లోబడకపోవడం, అక్కడ చూపిన కారణం మన చట్టంలో లేకపోవడం అందుకు కారణాలు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇక్కడే మ్యూచువల్ వేసుకోవడం మేలు.

మరి ఏది ఎంచుకోవాలి?

ఇద్దరికీ విడిపోవాలనే ఉండి, గొడవ డబ్బు దగ్గరే అయితే కాంటెస్ట్ వేయకండి. నాలుగేళ్ళ ఫీజులు, సెలవులు, ప్రయాణాలు లెక్కేస్తే మీరు బేరమాడుతున్న తేడా అందులోనే కరిగిపోతుంది. అవతలి మనిషి సంతకమే పెట్టనంటే, ఇంట్లో దెబ్బలుంటే, ఆదాయం దాస్తుంటే, పిల్లాణ్ణి చూపించకపోతే కాంటెస్ట్ తప్పదు. అప్పుడు వేయడానికి వెనకాడకండి. దెబ్బలున్న చోటైతే విడాకులకంటే ముందు గృహహింస చట్టం కింద రక్షణ, నివాస ఉత్తర్వులు తెచ్చుకోవాలి. "సర్దుకుపో" అనేవాళ్ళ మాట విని మళ్ళీ వెళ్తే, పాత క్రూరత్వాన్ని క్షమించేశారని కోర్టులో వాదిస్తారని కూడా గుర్తుంచుకోండి.

కాంటెస్ట్ వేశాక కూడా తలుపు మూసుకుపోదు. కేసు ఏ దశలో ఉన్నా మ్యూచువల్‌గా మార్చుకోవచ్చు. మధ్యంతర భరణం ఆర్డరు వచ్చిన తర్వాత, లేదా క్రాస్ అయిన వెంటనే, రెండువైపులా దిగివస్తారు. మాదీ అలాగే జరిగింది. చెల్లి క్రాస్ తర్వాత ఆయన క్రాస్ జరిగింది, మా మేడమ్ ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టారు. ఆ తర్వాతి వాయిదాకు వాళ్ళ లాయరే వచ్చి "కూర్చుని మాట్లాడుకుందామా మేడమ్?" అన్నారు. మొదటి ఏడాదిలో వాళ్ళు ఇస్తామన్నదానికీ చివర్లో ఇచ్చినదానికీ తేడా ఉంది, కాదనను. ఆ తేడాలో మూడొంతులు ఖర్చులకే పోయింది. అయినా చెల్లి మాత్రం "ఆయన కూడా ఆ బోనులో నిలబడ్డాడు, నాకది చాలు" అంటుంది. మేడమ్ మొదటిరోజు అడిగిన ప్రశ్నకు చెల్లి జవాబు అదేనేమో.

కాంటెస్ట్‌లో డిక్రీ వచ్చినవాళ్ళు వెంటనే ముహూర్తాలు పెట్టుకోకండి. అప్పీలు గడువు ముగిశాకే రెండో పెళ్ళి. ఆ గడువు ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులుంది, హిందూ వివాహ చట్టంలో 90 రోజులుంది. ఏది వర్తిస్తుందన్న దానిమీద హైకోర్టులు ఒకే మాట మీద లేవు. కాబట్టి అప్పీలు వేసేవాళ్ళు ముప్పై రోజుల్లో వేయాలి, పెళ్ళి చేసుకునేవాళ్ళు తొంభై దాటేదాకా ఆగాలి. తీర్పు రోజునే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, రెండు మూడు ప్రతులు అడగండి. పాస్‌పోర్టులో పేరు మార్పించడానికి ఒకటి పోతుంది, బ్యాంకులో ఇంకోటి అడుగుతారు.